స్వహస్తములతో కట్టిన విమానము: గాలిగొట్టములలోని లీకును కనిపెట్టి సరిచేయు విధము



సైకిలు చక్రమునకు కంత పడినచో దాని నెరుగుట సులభము. చక్రము క్రుంగును, ఎక్కినవాడు దిగి, దానిని నడిపించుకొని పోయి, అంగడిలో అతుకు వేయించుకొనును. లోపము తానే బయటపడును గనుక దానివలన గొప్ప కీడు కలుగదు. కాని కొన్ని లోపము లట్లు బయటపడవు. యంత్రము పనిచేయుచున్నట్లే యుండును. ముల్లు కదలుచునే యుండును. అంకె కనబడుచునే యుండును. ఆ అంకె మాత్రము అబద్ధము. అట్టి లోపములలో నొకటి చిన్న విమానముల వేగమును, ఎత్తును తెలుపు గాలిగొట్టములలోని లీకు. ఇది యెట్లు కలుగును, ఏమి కీడు చేయును, దీని నెట్లు కనిపెట్టి సరిచేయవలెను అను సంగతులను ఈ వ్యాసమున వివరింతును. మీ తరగతిలో నేర్చిన వాయుపీడన పాఠము ఒక మనుష్యుని ప్రాణమును ఎట్లు కాపాడునో దీనివలన మీకు తెలియగలదు.

ఇంటికొట్టములలో కట్టెడి విమానములు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో అనేకులు తమ యింటికొట్టములలోనే, తీరిక వేళలయందు, స్వహస్తములతో విమానములు కట్టుకొందురు. వీరు ఉపాధ్యాయులు, వైద్యులు, వడ్రంగులు, ఉద్యోగము మానిన వృద్ధులు మొదలగు సామాన్యులు. నిర్మాణములో సగమునకు మించిన భాగమును విద్యకొరకో వినోదముకొరకో స్వయముగా చేసినవారికి, విమానమును పరీక్షింపజేసికొని యెగురుటకు ఆ దేశపు చట్టము అనుమతి నిచ్చును. ఇట్టివారి కొరకై 1953వ సంవత్సరమున పాల్ పోబెరెజ్నీ అను నతడు విస్కాన్సిన్ రాష్ట్రమందలి మిల్వాకీ నగరమున ఒక సంఘమును స్థాపించెను. ఆ రాష్ట్రమందే ఓష్‌కోష్ పట్టణమున ప్రతి వేసవియందును ఆ సంఘమువారి మహాసభ జరుగును. 1973లో రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ స్థాపించిన సంస్థవారు, రేకులు, రివెట్లు, నమూనాపటములు ఒక పెట్టెలో నుంచి అమ్ముదురు. కొన్నవారు వానిని కూర్చుకొనవలెను. ఆ సంస్థవారి ఆర్.వి. అను విమానములు ఇప్పటికి పదివేలకు మించి ఆకాశమున కెగిరినవి.

కర్మాగారమున కట్టిన విమానమునందు ఒకడు బిగించిన అతుకును మరియొకడు పరీక్షించును. ఇంటికొట్టములో కట్టినవాడు తన పనిని తానే పరీక్షించుకొనవలెను. బిగించిన చేయియు, చూచు కన్నును ఒక్కనివే యైనందున, కంటికి కనబడని లోపమును వెదకుట అతనికి మరింత అవసరము.

పిటోగారి గొట్టము

1732లో ఆన్రీ పిటో అను ఫ్రెంచి యింజనీరు సేన్ నదీ ప్రవాహ వేగమును కొలుచుటకు ఒక సాధనమును కల్పించెను. అది మిక్కిలి సరళమైనది. కొన వంచిన గాజు గొట్టమును ఏటిలో ముంచి, వంచిన కొనను ప్రవాహమునకు ఎదురుగా పట్టినచో, వచ్చెడి నీరు ఆ నోటిలోనికి త్రోసికొనివచ్చి, గొట్టములో నదీమట్టమునకు పైగా లేచును. ప్రవాహము సెకనుకు 1 మీటరు వేగముతో నున్నచో నీరు సుమారు 5 సెంటీమీటర్లు లేచును. వేగము 2 మీటర్లైనచో 10 సెంటీమీటర్లు కాదు, 20 సెంటీమీటర్లు లేచును. వేగము రెట్టింపైన పీడనము నాలుగు రెట్లగునని దీనివలన తెలియుచున్నది. నది లోతునకు పోయినకొలది నీరు వేగముగా పారునని ఆ కాలపు పండితులు కొందరు నమ్మియుండిరి. పిటో తన గొట్టముతో కొలిచి, అది నిజము కాదని చూపెను. మాట కంటె కొలత గొప్పదని దీనివలన గ్రహింపుడు.

విమానమునకు గాలియే నది. రెక్క క్రిందనో ముందు కొననో ఒక సన్నని గొట్టము ముందునకు నోరు తెరచుకొని యుండును. దానిని నేటికిని పిటో గొట్టమనియే పిలుతురు. ఎదురు గాలి దాని నోట త్రోసినప్పుడు కలుగు పీడనములో రెండు పాళ్లు కలవు: గమనమువలన కలిగిన పీడనము ఒకటి, చుట్టునున్న వాతావరణపు సహజ పీడనము రెండవది. వేగము తెలియవలెనన్న రెండవదానిని తీసివేయవలెను. అందుకై విమానపు ప్రక్కలయందు, గాలి త్రోపుడు తగులని చోట్ల, చిన్న రంధ్రములను ఉంచి, వానినుండి మరియొక గొట్టమును తెత్తురు. దీనికి స్టాటిక్ గొట్టమని పేరు. నిశ్చల పీడనమును తెచ్చునది గనుక ఈ వ్యాసమున నిశ్చల గొట్టమని వ్యవహరింతము.

వేగమాపకమునందు పలుచని లోహముతో చేసిన చిన్న డొల్ల బిళ్ల యొకటి కలదు. పిటో గొట్టము ఆ బిళ్లలోనికిని, నిశ్చల గొట్టము దాని చుట్టునున్న పెట్టెలోనికిని పోవును. లోపలి పీడనము వెలుపలి పీడనముకంటె ఎంత యెక్కువైన బిళ్ల అంత ఉబ్బును. ముల్లు అంత కదలును. ఎత్తుమాపకమునకును, ఎక్కుట దిగుటలను తెలుపు మాపకమునకును నిశ్చల గొట్టము మాత్రమే చాలును. ఈ కాలమున ముల్లులకు మారు గాజుతెరపై అంకెలు కనబడు విమానములు పెక్కు కలవు. కాని ఆ తెర వెనుకనున్న విద్యుత్సాధనమును ఈ రెండు గొట్టములనుండియే గాలిని గ్రహించును. తెర క్రొత్తదైనను గొట్టము పాతదే.

లీకు పలికించు అబద్ధము

ఈ పీడనములు మిక్కిలి స్వల్పములు. గంటకు 185 కిలోమీటర్ల వేగమును విమానయానమున 100 నాట్లందురు. సముద్రమట్టమున ఆ వేగమునకు కలుగు గమన పీడనము సుమారు 165 మిల్లీమీటర్ల నీటిని నిలుపును. అనగా వాతావరణ పీడనములో సుమారు అరువదవ వంతు. 50 నాట్లకైనచో 41 మిల్లీమీటర్లు మాత్రమే. ఇంత స్వల్పమైన దానిలో కొంత జారిపోయినచో మిగిలినది ఎంత తప్పుగా నుండునో ఊహింపుడు.

పిటో గొట్టమునందు లీకున్నచో బిళ్లలోనికి చేరవలసిన పీడనము పూర్తిగా చేరదు. వేగమాపకము తక్కువ చూపును. అయిదవ వంతు పీడనము పోయినచో, నిజముగా 100 నాట్లతో పోవుచున్న విమానము 89 మాత్రమే చూపును. నడుపువాడు వేగము చాలదని తలంచి మరికొంత పెంచును. నేల కతివేగముగా దిగి, దిగుడుబాట చివర ఆగలేక పోవచ్చును. లేదా ఆకాశమున విమానపు కట్టుబడి ఓర్వదగిన వేగమును తెలియకయే మించవచ్చును.

నిశ్చల గొట్టమునందలి లీకు ఇంతకంటె మోసకరమైనది. ఈ గొట్టము విమానములోపల, కూర్చుండు గది వెనుకనుండి వచ్చును. అతుకు ఊడినచో బయటి గాలికి మారు గదిలోని గాలి అందులో ప్రవేశించును. ఎగురునప్పుడు చిన్న విమానపు గదిలోని పీడనము బయటి పీడనముకంటె సాధారణముగా కొంచెము తక్కువగా నుండును. ఆ తేడా 1 మిల్లీబారు మాత్రమే యనుకొందము. అది వాతావరణ పీడనములో సుమారు వేయవ వంతు. అంతమాత్రముననే ఎత్తుమాపకము సుమారు 28 అడుగులు ఎక్కువ చూపును; 60 నాట్లతో పోవుచున్న విమానము 65 నాట్లతో పోవుచున్నట్లు కనబడును. వేగము మరీ తగ్గినచో రెక్కలు తమ మోయు శక్తిని కోల్పోవును. దీనిని స్టాల్ అందురు. నేలకు దిగబోవు వేళ ఆ హద్దునకు చేరువగా పోవువానికి, లేని అయిదు నాట్లను ఉన్నవని చెప్పుట ఎట్టి ద్రోహమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఒక్క మాట. ప్రతి లీకును ఇంత కీడు చేయదు. పిటో గొట్టపు నోరు సదా తెరచియుండి గాలిని నింపుచునే యుండును గనుక సూదిమొన యంత కంతవలన ముల్లు అంతగా మారదు. వదులైన అతుకువలన మిక్కిలి మారును. ఏది యెట్టిదో కన్ను చెప్పజాలదు, పరీక్షయే చెప్పవలెను. మరియు నేటి సూదిమొన రేపటి చీలిక కావచ్చును.

పరీక్షకు కావలసిన సామగ్రి

దీనికి గొప్ప ధనమక్కరలేదు. పారదర్శకమైన మెత్తని గొట్టమును ‘యు’ అను ఆంగ్లాక్షరము వలె వంచి ఒక బల్లకు బిగించి, అందులో రంగు కలిపిన నీరు పోసి, ప్రక్కన మిల్లీమీటర్ల కొలబద్దను ఉంచినచో మానోమీటరు సిద్ధమగును. రెండు వైపుల నీటి మట్టములకు గల తేడాయే పీడనము. సూదిలేని వైద్యుల సిరంజి యొకటి, మూడు ముఖముల అతుకు ఒకటి, గొట్టమును నొక్కి మూయుటకు బిగింపు ఒకటి ఉండవలెను. నోటితో ఊదుటగాని పీల్చుటగాని కూడదు: నోటి బలము ఈ సున్నితమైన బిళ్లలకు మితిమీరినది; నోటి తడియు లోనికి పోవును. గాలిపంపులతో కొట్టుట మరింత తప్పు.

మొదట పరీక్షించవలసినది విమానమును కాదు, ఈ సామగ్రినే. కొనను మూసి, పీడన మెక్కించి, నీటిమట్టము కదలక నిలిచినదా యని చూడవలెను. కొలబద్దయే వంకరదైనచో కొలిచిన గుడ్డ మీద తప్పు మోపుట న్యాయము కాదుగదా.

పిటో గొట్టపు పరీక్ష

పిటో గొట్టపు నోటికి మెత్తని గొట్టమును బిగువుగా తొడుగవలెను. నీరు కారిపోవుటకు అడుగున చిన్న రంధ్రమున్నచో దానిని టేపుతో మూయవలెను. అటు పిమ్మట సిరంజిని మెల్లమెల్లగా నొక్కవలెను. నీటి తేడా 165 మిల్లీమీటర్లైనప్పుడు ముల్లు 100 నాట్లను, సుమారు 375 మిల్లీమీటర్లైనప్పుడు 150 నాట్లను చూపవలెను. ఇట్లు మాపకపు సత్యమును ఈ పరీక్షలోనే తేలును. 150 నాట్లకు ఎక్కించి, బిగింపు మూసి, గడియారము చూచుచు ఒక నిమిషము కాచుకొనవలెను. ఒక నిమిషములో ముల్లు 10 నాట్లకు మించి పడరాదని కట్టువారు పాటించు వాడుక. బాగుగా కట్టినదైనచో కదలనే కదలదు. పిమ్మట పీడనమును ఎక్కించినంత మెల్లగనే దించవలెను.

నిశ్చల గొట్టపు పరీక్ష

ఇక్కడ ఊదరాదు, పీల్చవలెను. విమానము పైకి పోయినకొలది గాలి పలుచనగును గనుక, సిరంజిని వెనుకకు లాగి గొట్టములోని గాలిని పలుచన చేసినచో, కొట్టములో నిలిచియున్న విమానము పైకెగిరినట్లు ఎత్తుమాపకము చూపును. సాధారణముగా ప్రక్క కొకటి చొప్పున రెండు రంధ్రము లుండును. ఒకదానిని టేపుతో మూసి, రెండవదానికి సిరంజి గొట్టమును చేర్చవలెను. ఎత్తుమాపకము ఉన్నచోటికంటె 1,000 అడుగులు ఎక్కువ చూపువరకు మెల్లగా లాగి, మూసి, ఒక నిమిషము చూడవలెను. ఆ నిమిషములో 100 అడుగులకు మించి పడరాదని అమెరికా విమానయాన నిబంధన. మేఘములలో మాపకములను మాత్రమే నమ్మి యెగురు విమానములకు ఈ పరీక్ష 24 నెలల కొకసారి జరుగవలెనని ఆ దేశపు శాసనము.

ఇందొక జాగ్రత్త కలదు. వేగమాపకపు పెట్టెయు ఈ గొట్టమునకే చేరియున్నది. 1,000 అడుగుల మేరకు పీల్చినప్పుడు పెట్టెలో పీడనము తగ్గి, తెరచియున్న పిటో వైపు బిళ్ల ఉబ్బును. కదలని విమానము సుమారు 145 నాట్లతో పోవుచున్నట్లు ముల్లు చూపును. మాపకపు చివరి అంకె అంతకు తక్కువైనను, ఇంకను ఎక్కువ యెత్తునకు పరీక్షింపదలచినను, పిటో గొట్టమును నిశ్చల గొట్టమును మూడు ముఖముల అతుకుతో కలిపి రెంటిని ఒకేసారి పీల్చవలెను. అప్పుడు బిళ్లకు లోపల వెలుపల సమానముగా నుండి హాని కలుగదు. సిరంజిని తటాలున వదలరాదు. ఎక్కుట దిగుటలను తెలుపు మాపకము ఆ దెబ్బకు చెడును.

పరీక్ష ముగిసినపిమ్మట అంటించిన టేపులను లెక్కపెట్టి తీయవలెను. ప్రతి టేపునకు పొడవైన ఎర్రగుడ్డ పేలిక కట్టుట మంచి అలవాటు. 1996 అక్టోబరు 2న పెరూ దేశమున లీమా నగరమునుండి బయలుదేరిన ఏరోపెరూ వారి పెద్ద విమానము సముద్రమున కూలి 70 మంది మరణించిరి. విమానమును కడుగునప్పుడు నిశ్చల రంధ్రములకు అంటించిన టేపును తీయుట మరచుటయే దానికి కారణము. అదే సంవత్సరము ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్ దగ్గర 189 మందితో మరియొక విమానము సముద్రము పాలయ్యెను. కొన్నిదినములు మూతలేక నిలిచియున్న దాని పిటో గొట్టములో, మట్టితో గూడు కట్టు కందిరీగ చేరియుండునని విచారణ చేసినవారు తలంచిరి. ఇవి లీకులు కావు, అడ్డులు. అయినను ఇంత సన్నని గొట్టముపై ఎందరి ప్రాణములు ఆధారపడియున్నవో వీనివలన తెలియుచున్నది.

వేడిమి చేయు మాయ

మూసిన గాలి వేడెక్కినచో దాని పీడనము పెరుగునని మీరు చదివియున్నారు. గొట్టములలోని గాలి అంతయు 1 డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కినచో పీడనము సుమారు మూడువందలవ వంతు పెరుగును. అది సుమారు 34 మిల్లీమీటర్ల నీటికి సమానము. ఎత్తుమాపకమున సుమారు 90 అడుగులు. అనగా నిబంధన యనుమతించిన 100 అడుగుల తేడాను ఒక్క డిగ్రీ వేడిమియే కలిగింపగలదు! రెక్కపై ఎండ పడినను, వెచ్చని చేతితో గొట్టమును పట్టుకొనినను, లేని లీకు ఉన్నట్లు తోచవచ్చును. పిటో గొట్టమునందైతే ఉన్న లీకే మరుగుపడవచ్చును. కావున ఈ పరీక్షను నీడపట్టున, ప్రొద్దుట, గాలి చల్లగా నిలుకడగా నున్నప్పుడు చేయవలెను. పీడన మెక్కించినపిమ్మట కొన్ని క్షణములు ఆగి లెక్క మొదలిడవలెను. ఒక్కసారి కాదు, మూడుసార్లు చేసి చూడవలెను. ఒకసారి పడి మరియొకసారి లేచినచో అది వేడిమి మాయ. ప్రతిసారియు ఒక్కరీతిగా పడినచో అది లీకు.

లీకు ఉన్న చోటును కనుగొనుట

లీకున్నదని తెలిసినపిమ్మట ప్రతి అతుకును విప్పి బిగించుట తొందరపాటు. ఆ విధముగా ఒకటి సరిపడి రెండు చెడుట కలదు. తెలివైన మార్గము సగపాలు చేయుట. గొట్టమును సరిగా నడుమ మూసి పరీక్షింపవలెను. నిలిచినచో లీకు అవతలి సగములో నున్నది; పడినచో ఇవతలి సగములోనే యున్నది. ఆ సగమును మరల నడుమ మూయవలెను. ఎనిమిది అతుకులున్నను మూడు పరీక్షలలో దోషి దొరకును. పదునారున్నను నాలుగు చాలును. ఒకటి దొరకినపిమ్మట మరల మొత్తమును పరీక్షింపవలెను, దొంగలు ఇద్దరుండవచ్చును.

పిటో గొట్టములో పీడనము బయటికి త్రోయును గనుక, అతుకుపై సబ్బునీరు పూసినచో సైకిలు ట్యూబు వలె బుడగలు లేచును. నిశ్చల గొట్టమున కీయుపాయము పనికిరాదు. అచ్చట గాలి లోపలికి పోవుచుండును గనుక బుడగ రాదు సరికదా, సబ్బునీరే లోనికి పోవును. తప్పనిసరియైనచో మాపకములన్నిటిని విప్పి, గొట్టపు కొనలు మూసి, స్వల్పముగా పీడనమెక్కించి సబ్బునీటితో చూచి, పిమ్మట శుభ్రముగా తుడువవలెను.

సాధారణముగా లీకులు దొరకు చోట్లు ఇవి: రెక్కయు మొండెమును కలియుచోట పిటో గొట్టపు అతుకు, మాపకముల వెనుకనున్న మరలు, నీరు తీయు బిరడాలు, కష్టకాలమున గదిలోని గాలిని తీసికొనుటకై యుంచిన వాల్వు, ప్రక్క రంధ్రము లోపలివైపు గొట్టము తొడిగిన చోటు. పైన చెప్పిన ఆర్.వి. విమానములలో నడుమ రంధ్రము గల రివెట్టునే ప్రక్క రంధ్రముగా వాడుదురు; లోపల దాని తోకకు మెత్తని గొట్టమును తొడిగి జిగురు పూయుదురు. ఆ జిగురు పగిలినచో లీకు కలుగును.

ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడని సామెత. అట్టి యింటిదొంగ యొకటి వేగమాపకములోనే యుండవచ్చును. డొల్ల బిళ్లకే చీలిక పడినచో పిటో గాలి పెట్టెలోనికి జారును. బయట ఏ యతుకును తప్పు చూపదు. దీనిని పట్టు ఉపాయమిది: నిశ్చల గొట్టపు రంధ్రములను మూసి, పిటో వైపు మెల్లగా పీడనమెక్కింపవలెను. తాకకుండగనే ఎత్తుమాపకము దిగసాగినచో గాలి బిళ్లనుండి నిశ్చల వైపునకు పోవుచున్నదని నిశ్చయము. అట్టి మాపకమును ఇంట విప్పరాదు. అనుమతి పొందిన పనివారి కర్మశాలకు పంపవలెను.

సరిచేయుట

లీకు దొరకినపిమ్మట మరమ్మతు సాధారణముగా చిన్నది. ఎండి గట్టిపడిన మెత్తని గొట్టపు కొనను కొంచెము కోసి, క్రొత్త భాగమును తొడుగవలెను. మొత్తము గట్టిపడినచో మార్చివేయవలెను. నొక్కిన పట్టుకొను రకపు అతుకులలో గొట్టపు కొన నిలువుగా, నున్నగా కోయబడియుండవలెను. వంకరగా కోసినచో లోపలి రబ్బరు ఉంగరము ఒకవైపే పట్టును. కత్తెరతో గాక పదునైన బ్లేడుతో కోయుట మేలు. ప్లాస్టిక్ మరలను బలముగా బిగించినచో చీలును. చేతిబిగువునకు పైన స్వల్పముగా తిప్పిన చాలును. మొనవైపు సన్నబడు మరలకు మాత్రము పలుచని టేపుగాని పూతగాని వాడవలెను. మొదటి మరను విడిచి చుట్టినచో టేపు ముక్కలు గొట్టములోనికి పోవు. కొన విప్పారిన లోహపు గొట్టముల అతుకులకు ఏ పూతయు అక్కరలేదు. అవి లోహము లోహమునకు ఆని పట్టుకొనును. విప్పారిన అంచున చీలిక యున్నచో ఎంత బిగించినను ఫలములేదు. కోసి మరల చేయవలెను.

మరమ్మతు ముగియగానే పని ముగిసినదని తలంపరాదు. పరీక్షలను రెంటిని మొదటినుండి చేయవలెను. తేదీ, వేడిమి, ఎక్కించిన పీడనము, నిమిషములో పడిన అంకె, విప్పిన అతుకులు, ఇవన్నియు విమానపు చిట్టాలో వ్రాయవలెను. ఆ మీదట ఏ మాపకమునకై గొట్టమును విప్పినను, విప్పిన ప్రతిసారియు పరీక్ష మరల జరుగవలెను. తుదకు ఆకాశమున మరియొక సాక్ష్యము కలదు. గాలి నిలుకడగా నున్న దినమున ఒకే యెత్తున, ఒకే వేగముతో, నాలుగు దిక్కులకు పోయి, ఉపగ్రహముల సాయముతో నేలపై వేగమును చూచి సరాసరి తీసినచో, గాలి తోడ్పాటును ఎదురును చాలవరకు కొట్టుపడును. ఆ యెత్తున గాలి పలుచదనమును, వేడిమిని లెక్కకట్టి, వేగమాపకపు అంకెతో పోల్చవలెను. రెండు సాక్షులు ఏకీభవించినప్పుడే మాపకము నమ్మదగినది.

పాఠశాలయందు మనము చేయదగినది

మనకు విమానము లేకపోయినను ఈ విద్య మనకు దూరము కాదు. మెత్తని గొట్టము, సిరంజి, రంగునీరు, కొలబద్ద ఉన్నచో మన ప్రయోగశాలలోనే మానోమీటరును చేయవచ్చును. ఒకడు రహస్యముగా ఒక అతుకును వదులు చేయవలెను. తక్కినవారు సగపాలు చేయు మార్గమున దానిని కనుగొనవలెను. మూసిన గొట్టమును చేతితో పట్టుకొని వేడిమి మాయను కన్నులార చూడవచ్చును. కాలువ గట్టున పెద్దల సమక్షమున వంపు గొట్టమును పట్టి, పిటో చూచిన దానిని మీరును చూడవచ్చును. తల్లిదండ్రులు ఇట్టి పనికి పిల్లలకు ఒక సాయంకాలము ననుమతించినచో అది చదువునకు నష్టము కాదు, లాభమే.

దొంగ త్రాసును గూర్చి సామెతల గ్రంథమున చెప్పబడిన మాట మీరెరుగుదురు. అంగడిలోని త్రాసు అబద్ధమాడినచో కొనువాని ధనము కొంత పోవును. ఆకాశమున త్రాసు అబద్ధమాడినచో, దానిని నమ్మి కూర్చున్నవాని ప్రాణమును, అతని ప్రక్కన కూర్చున్న బిడ్డ ప్రాణమును పోవును. ఆ త్రాసును సరిచూచుటకు కావలసినది ఒక సిరంజి, ఒక గొట్టము, ఒక నిమిషపు ఓపిక. ముల్లు కదలుచున్నదిగదా యని తృప్తిపడక, అది నిజము పలుకుచున్నదా యని అడుగువాడే మంచి పనివాడు. అతడు విమానము కట్టినను, లెక్క కట్టినను, మరి యే పని చేసినను ఈ మాట యథార్థము.